తొమ్మిదిని నమ్మని నీలం మేడంగారు

1991 ఆగస్టు పన్నెండో తేదీ, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు వారు మన ఇంధన పరిశోధనా కేంద్రంలో జూనియర్ అనలిస్టుగా చేరారు. హాజరుపట్టీలో వారి మొదటి సంతకం పక్కన ఎర్ర సిరాతో 'ఆలస్యం' అని రాసి ఉంది. నిజానికి వారు ఏడున్నరకే ఇంటి నుంచి బయలుదేరారు. గ్యాస్ కట్టేశానో లేదోనన్న అనుమానంతో సగం దారి నుంచి వెనక్కి వెళ్లి, చూసుకుని, మళ్లీ బయలుదేరారు. కట్టే ఉంది. పదకొండు రోజులు తక్కువగా ముప్పై అయిదేళ్ల వారి ఉద్యోగ జీవితంలో ఆలస్యం అన్న మాట మళ్లీ రాలేదు. అనుమానం మాత్రం ఒక్కనాడూ సెలవు పెట్టలేదు.

ఈ నెల ముప్పై ఒకటో తేదీన జీవశుద్ధి విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న నీలం మేడంగారిని అభినందించే సందర్భంలో వారి అనుమానాన్ని పొగడటం కొత్తవారికి వింతగా తోచవచ్చు. వారితో పనిచేసినవారికి తోచదు.

చేరిన తొలి ఏడేళ్లూ వారి పని ఒక్కటే. రిఫైనరీల నుంచి వచ్చే డీజిల్ సీసాల్లో గంధకం ఎంతుందో కొలిచి రాయడం. పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు అని ఒక అంకె. ఆ అంకె పెద్దదైతే ఆ డీజిల్ తాగిన బండి వదిలే పొగ ఊపిరితిత్తులకు అంత చేటు. గంధకాన్ని తీసివేయడానికి రిఫైనరీలు వాడే పద్ధతికి భయంకరమైన వేడి కావాలి, భయంకరమైన ఒత్తిడి కావాలి. అంతా చేసినా చివరి గంధకం మొండికేసి కూర్చుంటుంది. 1998లో కేంద్రం ఒక కొత్త ఆలోచన చేసింది. గంధకాన్ని తినే బ్యాక్టీరియాతోనే ఆ పని చేయిస్తే? జట్టులో చేరడానికి ఎవరూ ముందుకు రాలేదు. మేడంగారు కూడా రాలేదు. వారి పేరు పై అధికారులే రాసేశారు. ఆర్డరు చూసి వారు అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాం: "అవి తప్పించుకుపోతే ఊళ్లో బళ్లన్నీ ఆగిపోవు కదండీ?"

ఆగిపోవని తెలుసుకోవడానికి వారికి రెండు నెలలు పట్టింది. తెలుసుకున్నాక ఆ బ్యాక్టీరియాను సొంత మనుషుల్లా చూసుకున్నారు. పాత ఇంధన గోదాములో పంపు కారిన చోట నేలను స్పూనుతో తవ్వి తెచ్చిన మట్టిలో దొరికిన జీవి అది. చేపలోంచి ముల్లు తీసినట్టు, ఇంధనాన్ని పాడుచేయకుండా గంధకాన్ని మాత్రమే ఊడబెరికే గుణం దానికి ఉంది. కానీ మహా నిదానం. ఒక సీసాడు డీజిల్‌కు పదకొండు రోజులు తీసుకునేది. ఆ పనికి కావలసిన జన్యువులను అదనంగా చేర్చి, దాని చేత మూడు రోజుల్లో పని ముగింపజేయడానికి మేడంగారి జట్టుకు అయిదేళ్లు పట్టింది. అలా తయారైన జీవితోనే 2003లో జీవశుద్ధి విభాగం ఏర్పడింది.

వారికి 'నీలం' అన్న ముద్దుపేరు వచ్చిందీ అప్పుడే. బ్యాక్టీరియా గంధకాన్ని ఊడదీశాక నూనెలో ఒక పదార్థం మిగులుతుంది. దానిమీద రెండు చుక్కల మందు వేస్తే అరగంటలో నీలం రంగు వస్తుంది. గంధకాన్ని కొలిచే మీటరు ఏ అంకె చూపించినా, పరీక్షనాళికలో నీలం కళ్లారా చూడందే మేడంగారు ఏ కాగితం మీదా సంతకం పెట్టేవారు కాదు. ఎంతో ఖరీదైన మీటరు ఉండగా ఈ చుక్కల మందు ఏమిటని కుర్రకారు వెనకాల నవ్వుకునేవారు.

ఇంకొక పట్టింపు కూడా ఉండేది. ఆ జీవికి గంధకం ఇంకెక్కడైనా తేలిగ్గా దొరికితే డీజిల్ జోలికే రాదు. గాజుసామాను కడిగే సబ్బులో ఉండే కాస్త గంధకం చాలు, కడుపు నింపుకుని కూర్చుంటుంది. అందుకని మన విభాగంలో సబ్బు నిషేధం. చక్కెర నీళ్లు పుష్కలంగా ఇచ్చి, గంధకం విషయంలో మాత్రం కటిక పస్తు పెట్టి, అప్పుడు డీజిల్‌లో వదలాలి. ఒక పెద్దాయన తనిఖీకి వచ్చి, "ఇంత పెద్ద ల్యాబులో ఒక్క సబ్బుబిళ్ల లేదా?" అని ముక్కున వేలేసుకుని వెళ్లారు.

ఇక్కడ అసలు సంగతికి రావాలి. మేడంగారి గురించి తెలియనివారు కూడా విని ఉండే 2014 జూన్ సంగతి అది. రకరకాలుగా చెప్పుకుంటున్నారు కనుక జరిగింది జరిగినట్టుగా రాయడం అవసరం.

ఆ ఏడాది మే నెలలో విభాగానికి ఒక లేఖ వచ్చింది. పదేళ్లయినా ఫలితం లేదు, జూన్ నెలాఖరుతో విభాగాన్ని మూసివేస్తున్నాం అని సారాంశం. ఒకే ఒక్క దారి మిగిలింది. రిఫైనరీ చీఫ్ ఇంజనీరు ఎదుట, పదివేల లీటర్ల ట్యాంకులో, డెబ్భై రెండు గంటల్లో, దాదాపు అయిదు వందలున్న గంధకాన్ని యాభైకి దించి చూపించాలి. చూపిస్తే విభాగం నిలుస్తుంది. లేకపోతే మేడంగారు మళ్లీ సీసాలు కొలిచే బల్ల దగ్గరికి వెళతారు. కాంట్రాక్టు మీద ఉన్న ఏడుగురు ఇంటికి వెళతారు. ఆ ఏడుగురిలో ట్యాంకు ఆపరేటరు ఒకడు. ఏ ప్రశ్న అడిగినా ముందు టైము చెప్పి తర్వాత జవాబు చెప్పే అలవాటు వల్ల అందరూ అతన్ని గడియారం అనేవారు. అప్పటికి అతని ఇంట్లో ఆరు నెలల కవలలు.

జూన్ తొమ్మిది, సోమవారం. యార్డులో డీజిల్ డ్రమ్ములు వరుసగా ఉన్నాయి. నిబంధన ప్రకారం ప్రతి డ్రమ్ము నుంచీ నమూనా తీసి, మొదటి అంకె ఎంతో చూసుకుని, అప్పుడు ట్యాంకులో పోయాలి. ఆ నిబంధన రాసింది మేడంగారే. తొమ్మిదింటికి వస్తామన్న చీఫ్ ఇంజనీరు ఎనిమిదింటికే దిగారు. డైరెక్టరుగారు యార్డు గుమ్మంలో నిలబడి, "మేడం, వాళ్లు నిలబడే ఉన్నారు. కానివ్వండి, కానివ్వండి," అంటున్నారు. మేడంగారు గుమ్మం పక్కనున్న ఒక్క డ్రమ్ము మూత తీసి, నమూనా తీసి, మీటరులో పెట్టారు. నాలుగు వందల ఎనభై. అనుకున్న అంకే. "పోసేయండి," అన్నారు.

ఇరవై మూడేళ్లలో వారు చూసుకోకుండా వదిలేసిన మొదటి సందర్భం అదే.

మంగళవారం ఉదయం పదింటికి, ఇరవై నాలుగు గంటల నమూనా తీశారు. మీటరు తొమ్మిది చూపించింది.

మూడు రోజుల్లో యాభైకి రావలసింది ఒక్క రోజులో తొమ్మిదికి వచ్చింది! ల్యాబులో కేక పుట్టింది. గడియారం ట్యాంకు మెట్ల మీద నుంచి రెండేసి మెట్లు దూకి వచ్చాడు. డైరెక్టరుగారు పరుగున వచ్చి మీటరును కళ్లద్దాలతో ఒకసారి, కళ్లద్దాలు తీసి ఒకసారి చూసుకున్నారు.

"మేడం! మీ జీవులు కావు, రాక్షసులు! సాయంత్రం నాలుగింటికి మీటింగు పెడుతున్నా. చీఫ్ ఇంజనీరుగారు ఊళ్లోనే ఉన్నారు. మీరు ఒక్క సంతకం పెట్టండి చాలు, మిగతాది నేను చూసుకుంటా."

"నీలం రానివ్వండి సార్," అన్నారు మేడంగారు.

"తొమ్మిది వచ్చాక నీలం ఎందుకండీ?"

"అరగంటేగా సార్."

అరగంట గడిచింది. నాళికలో నీలం రాలేదు. ఇంకో పావుగంట చూశారు. లేత పసుపు, అంతే. మందు పాడైందేమోనని కొత్త సీసా తెరిచారు. నీలం రావలసిన పదార్థం విడిగా ఒక సీసాలో దాచి ఉంచేవారు; దాని మీద వేసి చూస్తే నేరేడుపండులా నీలం వచ్చింది. మందు మంచిదే. ట్యాంకు నూనె మీద వేస్తే మళ్లీ పసుపే.

"ఏయ్ గడియారం, ఇలా రా."

"పదకొండూ ఇరవై మేడం. చెప్పండి."

"రాత్రి నుంచి వాటి పెరుగుదల ఎలా ఉంది?"

అతను కాస్త నసిగాడు. "పెరగలేదు మేడం. గీత తిన్నగా పోతోంది. కొలిచే అద్దం మురికి పట్టిందేమోనని మూడుసార్లు తుడిచా. ఇప్పుడు తొమ్మిది వచ్చింది కదా, ఇక చెప్పడం ఎందుకని..."

మేడంగారు స్టూలు మీద కూర్చుండిపోయారు. ఆ జీవి పెరగాలంటే గంధకం కావాలి. డీజిల్ నుంచి గంధకాన్ని తింటే పెరగాలి. పెరిగితే నీలం రావాలి. నీలం లేదు, పెరుగుదల లేదు, గంధకమూ లేదు. మరి ఆ నాలుగు వందల డెబ్భై ఒకటి ఎటు పోయినట్టు?

"నిన్న డ్రమ్ములు పోసింది నువ్వేగా? ఏమైనా తేడాగా అనిపించిందా?"

"ఏం లేదు మేడం. సులువుగానే అయిపోయింది. ఎప్పుడూ ముక్కుకి గుడ్డ కట్టుకుంటాం కదా ఆ కంపుకి, నిన్న ఆ అవసరమే రాలేదు."

ఆ కంపు గంధకానిదే. మేడంగారు లేచి యార్డుకు నడిచారు.

ఖాళీ డ్రమ్ములు యార్డులోనే ఉన్నాయి. ఒక్కొక్కదాని అడుగున మిగిలిన నాలుగు చుక్కలనూ సీసాల్లోకి ఒంపి, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేసుకుని, మీటరు ముందు కూర్చున్నారు. ఎనిమిది. తొమ్మిది. తొమ్మిది. ఎనిమిది. ఇరవై సీసాలూ అంతే. గుమ్మం పక్కన నిండుగా ఉన్న ఇరవై ఒకటో డ్రమ్మును మళ్లీ కొలిచారు. నాలుగు వందల ఎనభై.

టైము రెండూ ఇరవై.

స్టోర్స్ బాబాయి తన గదిలో రిజిస్టర్లు సర్దుకుంటున్నారు. కేంద్రంలో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. నవంబరులో రిటైరు కావలసిన మనిషి.

"బాబాయ్ గారూ, ఈ డీజిల్ ఎక్కడిది?"

"బాగుందా అమ్మా?" అన్నారాయన వెలిగిపోతున్న మొహంతో. "మీరు అడిగే ఆ మురికి సరుకు ఇప్పుడు ఎక్కడా దొరకట్లేదు తల్లీ. మూడు చోట్ల తిరిగా. అందరూ మంచిదే అమ్ముతున్నారు. పెద్దవాళ్లొస్తున్నారు, మన అమ్మాయి ప్రయోగం బాగా రావాలని ఉన్నదాంట్లో మేలురకం చూసి తెప్పించా. మురికి దాంతోనే అంత చేసేవాళ్లు, మంచిదైతే ఇంకెంత చేస్తారో అనుకున్నా."

"మరి గుమ్మం దగ్గరిది?"

"అది కిందటిసారి మిగిలిన పాతదమ్మా. లారీవాళ్లకి అడ్డమొస్తోందని అక్కడికి దొర్లించా. ఏం, అది కూడా పోయాలా?"

మేడంగారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏమీ లేదు బాబాయ్ గారూ అని చెప్పి బయటికి వచ్చారు. గంధకం లేని డీజిల్‌లో గంధకం లేదని నిరూపించడానికి సాయంత్రం మీటింగు పెట్టారు. పాపం, ఆ జీవులు తినడానికి ఏమీ లేక ట్యాంకు నిండా పస్తు పడుకున్నాయి.

ఈ సంగతి భూప్రపంచంలో వారొక్కరికే తెలుసు. గడియారానికి సగం తెలుసు. బాబాయికి అసలు తెలియదు. ఖాళీ డ్రమ్ములను రేపు తీసుకుపోతారు. ఫైల్లో నాలుగు వందల ఎనభై ఉంది, తొమ్మిది ఉంది. మధ్యలో ఒక సంతకం పడితే విభాగం నిలుస్తుంది, ఏడు ఇళ్లు నిలుస్తాయి, మంచి డీజిల్ తెచ్చిన పాపానికి ఒక పెద్దాయన ఉద్యోగం చివర మాట పడకుండా ఉంటుంది. అదీగాక ఆ జీవి నిజంగానే పని చేస్తుందని వారికి తెలుసు, చిన్న ట్యాంకులో వందసార్లు చూశారు. అబద్ధం ఎంత చిన్నదో లెక్క వేసుకున్న కొద్దీ వారికి ఊపిరాడలేదు.

మెట్ల కింద నిలబడి ఇంటాయనకు ఫోన్ చేశారు. ఆయన బడిలో డ్రాయింగ్ మాస్టారు.

"ఏవండీ, ఒక్క మాట."

"చెప్పు. ఇక్కడ నలభైమంది ఏనుగును గీస్తున్నారు. అరుపులు వినిపిస్తే కంగారుపడకు."

మేడంగారు జరిగినదంతా ఒక్క గుక్కలో చెప్పారు. అటువైపు కాసేపు ఏనుగుల గోల వినిపించింది.

"సంతకం పెడితే ఎన్నాళ్లు భయపడతావు?" అని అడిగారు మాస్టారు.

"బతికున్నంత కాలం."

"పెట్టకపోతే?"

"విభాగం మూసేదాకా."

"ఎప్పుడు మూస్తారు?"

"ఈ నెలాఖరుకి."

"ఇదే తక్కువ కదే! ఒరేయ్, ఏనుక్కి అయిదు కాళ్లేంట్రా? ఉంటా మరి, ఇక్కడ కొంప మునుగుతోంది."

నాలుగింటికి మీటింగు హాలులో పన్నెండుమంది కూర్చున్నారు. డైరెక్టరుగారి ముందు ప్రకటన టైపై సిద్ధంగా ఉంది. కింద సంతకం జాగా ఖాళీగా ఉంది. కలం మూత కూడా ఆయనే తీసి పెట్టారు. మేడంగారు ఇరవై ఒక్క సీసాలున్న ట్రేను బల్లమీద పెట్టారు.

"సార్, మా జీవి ఏ గంధకాన్నీ తీయలేదు. మేం పోసిన డీజిల్‌లోనే గంధకం లేదు. పోసే ముందు అన్ని డ్రమ్ములూ చూడాలి. నేను ఒక్కటే చూశాను. చూడనిది నేను. నిబంధన రాసిందీ నేనే."

డైరెక్టరుగారు కలానికి మళ్లీ మూత పెట్టేశారు.

"అసలు అలాంటి డీజిల్ ఎవరు తెచ్చారు?" అని అడిగారు ఆయన.

"ఎవరు తెచ్చినా చూసుకోవలసింది నేను సార్. సరుకు కోసం స్టోర్స్‌కు పంపిన మా ఇండెంటులో 'డీజిల్, ఇరవై డ్రమ్ములు' అనే రాశాం. ఎలాంటిదో రాయలేదు. అదీ నా తప్పే."

చీఫ్ ఇంజనీరు ఒక్కొక్క సీసానే ఎత్తి చూశారు. ఆయన మితభాషి. "ట్రయల్ పాడైతే కారణాలు చెప్పేవాళ్లని చాలామందిని చూశాను. బాగా వచ్చిందని ఆపేసినవాళ్లని చూడటం ఇదే," అన్నారు. లేచి, నమస్కారం పెట్టి, వెళ్లిపోయారు.

అక్కడితో కథ సుఖాంతం అయిందని చెప్పుకునేవారున్నారు. కాలేదు. జూన్ ముప్పైన విభాగానికి తాళం పడింది. ఏడుగురూ వెళ్లిపోయారు. మేడంగారికి మెమో వచ్చింది: 'నిర్దేశిత పద్ధతిని పాటించడంలో నిర్లక్ష్యం.' పదహారేళ్ల తర్వాత మళ్లీ సీసాల బల్ల. వెళ్లే రోజున గడియారం, "అయిదూ పది మేడం. మీరు చేసింది తప్పని నేను అనను. కానీ ఇంటికెళ్లి ఏం చెప్పాలో మాత్రం తెలియట్లేదు," అన్నాడు. ఆ మాట వారిని చాలా నెలలు వెంటాడింది. వారికి కంటి మీద కునుకు లేని రోజులవి. అయినా సీసాల బల్ల చివర జానెడు చోటులో ప్రతి సోమవారం ఆ జీవిని పాత పళ్లెం నుంచి కొత్త పళ్లేనికి మార్చి బతికిస్తూనే వచ్చారు. మారుస్తూ, ఎవరి కోసం మారుస్తున్నానా అని ప్రతి సోమవారం అనుకునేవారట.

నవంబరులో ఒక లారీ వచ్చి గేటు ముందు ఆగింది. రిఫైనరీ నుంచి ఇరవై డ్రమ్ములు. ఈసారి వాసనకు సెక్యూరిటీవాళ్లు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. వెనకనే చీఫ్ ఇంజనీరు కారు దిగి, "నేను వెతికించి తెచ్చాను. అన్నీ చూసుకోండి, నాకు తొందర లేదు," అని ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నారు. ఇరవై డ్రమ్ముల నుంచీ నమూనాలు తీయడానికి గంటన్నర పట్టింది. డైరెక్టరుగారు గడియారానికి స్వయంగా ఫోన్ చేసి పిలిపించారు.

డెబ్భై రెండు గంటలు. నీలం వచ్చింది, పెరుగుదల గీత నిటారుగా లేచింది. మీటరు చూపిన అంకె అరవై ఒకటి.

యాభై కావాలి. అరవై ఒకటి వచ్చింది.

"మేడం, ఇంకొక్క పది గంటలు ఆగి రీడింగు తీద్దామా?" అన్నారు డైరెక్టరుగారు మెల్లగా. ఆయన బాధలో అర్థముంది.

"తీద్దాం సార్. దాన్ని ఎనభై రెండు గంటల రీడింగు అని రాద్దాం. డెబ్భై రెండుకి అరవై ఒకటే."

అలాగే రాశారు. ఆ కాగితం పంపాక పన్నెండు రోజుల పాటు మేడంగారు ఫోన్ మోగితే ఉలిక్కిపడేవారు. పదమూడో రోజున చీఫ్ ఇంజనీరు జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. 'తొమ్మిదిని కాదన్నచోట అరవై ఒకటి అంటే మేం మళ్లీ కొలవనక్కర్లేదు. రెండేళ్ల గడువు ఇస్తున్నాం, పని మొదలుపెట్టండి.'

ఏడుగురిలో అయిదుగురు తిరిగి వచ్చారు. ఇద్దరికి అప్పటికే వేరే చోట పని దొరికింది. వారికి మేడంగారు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. స్టోర్స్ బాబాయి ఏ మాటా పడకుండానే, సగౌరవంగా రిటైరయ్యారు. అసలు సంగతి ఆయనకు మేడంగారు చెప్పలేదు, లారీ డ్రైవరు చెప్పాడు. చివరి పది రోజులూ ఆయన ప్రతి డ్రమ్ము మూతా తీసి, దగ్గు వచ్చేంత కంపు కొడితేనే లోపలికి వదిలారు.

ఆ తర్వాతి చరిత్ర మీకందరికీ తెలిసినదే. 2016లో యాభై లోపుకు వచ్చాం. 2019లో మేడంగారు విభాగాధిపతులయ్యారు. ఆ సందర్భంలో పాత మెమోను ఫైలు నుంచి తీసేయిస్తామని పై అధికారులు ఎంతో ఆదరంగా చెప్పగా, వారు వద్దన్నారు. దానికి నకలు తీయించి, కొత్తగా చేరినవారికి మొదటి రోజున చదవమని ఇచ్చేవారు. మెమో అందుకోకుండానే మెమో చదివినవాళ్లం బహుశా ఈ కేంద్రంలో మనమే.

మూడు వారాల క్రితం కొత్త జీవితో పెద్ద ట్యాంకు పరీక్ష జరిగింది. డెబ్భై రెండు గంటలకు ఇరవై రెండు వచ్చింది. మన విభాగానికి ఇంతవరకు రాని అంకె. మేడంగారు కాగితం చూసి, తమ బాధ్యతలు స్వీకరించబోతున్న గడియారం ముందుకు జరిపారు. అతనిప్పుడు ట్యాంకు ఆపరేటరు కాదు. ఉద్యోగం చేస్తూనే చదువుకుని పరీక్షలు ప్యాసై సీనియర్ సైంటిస్టయ్యాడు. కవలలు ఏడో తరగతి.

"ఈసారి సంతకం నీది నాన్నా."

"నాలుగూ నలభై మేడం," అన్నాడతను. కలం తీశాడు. నీలం వచ్చింది, గీత లేచింది, డ్రమ్ములన్నీ కొలిచారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా కలం కాగితం మీద ఆనలేదు. "మేడం, మరీ బాగా వచ్చింది. నాకెందుకో భయంగా ఉంది. రేపటి నుంచి ఇంకోసారి చేసి, అప్పుడు పెడతాను."

మేడంగారు కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నారు.

"చెయ్యి. ఇక నేను ఇంటికెళ్లొచ్చు," అన్నారు.

పూజ్యులైన నీలం మేడంగారూ, ముప్పై అయిదేళ్లు మా అందరి తరఫునా మీరొక్కరే భయపడ్డారు. ఇకమీదట ఆ పని మేం పంచుకుంటాం. చీటికీ మాటికీ ఉలిక్కిపడటం, రెండోసారి కొలవడం, మంచి అంకెను అనుమానంగా చూడటం ఒంటబట్టించుకున్నాం. ఆ బరువు ఇక్కడ దించేసి, మీరు మాస్టారుగారితో కలిసి, తెల్లవార్లూ నిశ్చింతగా నిద్రపోతూ, పూర్ణారోగ్యంతో, ఇంకా ఎన్నెన్నో ఏళ్లు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.